బందరు క్లబ్బులో ఓడిపోయే ఉద్యోగం

స్క్వాష్ నేర్పే పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు నన్ను చూడగానే అడిగే మొదటి ప్రశ్న, "సార్, మీరెన్ని టోర్నమెంట్లు గెలిచారు?" అని. నాకు ఒళ్ళు మండుతుంది. ఎన్నిసార్లు ఓడిపోయారని ఒక్కడూ అడగడు. అడిగితే చెప్పేవాణ్ణి కదా, ఆదివారాలు పోను రోజుకి నాలుగుసార్లు అని. నాకు జీతమిచ్చింది దానికే.

తర్వాత పెద్ద ఊళ్ళలో కోచ్‌గా చేశాను. పోటీల్లో ఆడాను, కొన్ని గెలిచాను. ఆ సంగతులు ఇక్కడ రాయను. వాటి తాలూకు సర్టిఫికెట్లు మా ఇంట్లో గోడకి వేలాడుతున్నాయి, కావాలంటే వచ్చి చూసుకోండి, టీ ఇస్తాను. నేను రాయదలుచుకున్నది డెబ్భైల్లో బందరులో మార్కరుగా పనిచేసిన ఆరేడేళ్ళ గురించి. ఈ పని ఏమిటో నాకు అక్కడే తెలిసింది. అందులోనూ చాలాభాగం ఒక్క సాయంత్రమే తెలిసింది.

మార్కరంటే

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నాలుగు గోడల గదిలో ఇద్దరు మనుషులు నిలబడి, ఒకే గోడకేసి నిమ్మకాయంత రబ్బరు బంతిని మార్చి మార్చి కొడతారు. గోడ అడుగున ఒక రేకు ఉంటుంది. దానికి తగిలితే 'డాం' అని మోగుతుంది, బంతి పోయినట్టే. తొమ్మిది పాయింట్లు ముందుగా ఎవరికొస్తే గేమ్ వాళ్ళది. అంతే ఆట.

మా బందరులో తెల్లదొరల కాలంలో కట్టిన క్లబ్బు ఒకటి ఉండేది. అందులో ఈ ఆట గది, అంటే కోర్టు, ఒకటి. సాయంత్రం జిల్లా కచేరీల నుంచి, ఆఫీసుల నుంచి, ఆస్పత్రి నుంచి పెద్దమనుషులు వచ్చి ఆడేవాళ్ళు. ఎదురుగా ఆడటానికి మనిషి దొరకనప్పుడు ఆడేవాడే మార్కరు. బంతులు వెచ్చబెట్టేదీ, రాకెట్లకి నరాలు, అంటే అల్లిక తీగలు, బిగించేదీ, స్కోరు అరిచేదీ అతనే. తను ఆడుతున్నా సరే స్కోరు తనే చెప్పాలి.

నాకు ఈ పని నేర్పింది నా ముందు మార్కరుగా చేసిన గఫూర్ చాచా. నేను చేరేసరికి ఆయనకి మోకాళ్ళు పోయాయి. కోర్టు పైనున్న గ్యాలరీలో కుర్చీ వేసుకుని కూర్చుని నన్ను తిట్టడం ఒక్కటే ఆయన పని. బంతి ఎలా కొట్టాలో రెండు నెలల్లో చెప్పేశాడు. ఎలా ఓడిపోవాలో చెప్పడానికి రెండేళ్ళు పట్టింది.

"ఒరే మీరావలీ, మెంబరు గారి బూటు ముక్కు ఎటు చూస్తోందో చూడరా," అనేవాడు. "బంతి అటే వెయ్యి. ఆయన వెనక్కి తిరగాల్సిన పనుండకూడదు. అలాగని మరీ చేతికందించకు, తెలిసిపోద్ది. ఒక్క అడుగు దూరంలో పడాలి. పరిగెత్తి కొట్టినట్టుండాలి ఆయనకి."

మొదటి గేమ్ మనం గెలవాలి. తర్వాతవి రెండు మూడు పాయింట్ల తేడాతో పోగొట్టుకోవాలి. మెంబరు గారి పాయింటు గట్టిగా అరవాలి, మన పాయింటు గొణగాలి. చివరి పాయింటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మనం తప్పు కొట్టి ఇవ్వకూడదు, ఆయనే కొట్టి గెలిచినట్టు రావాలి. ఇదంతా చెయ్యాలంటే ఆయన కంటే మనం ఎంత బాగా ఆడాలో ఒక్కసారి ఆలోచించండి!

ఇది మోసం కాదా అంటారేమో. అప్పట్లో నాకా అనుమానమే రాలేదు. యజమాని నాలుకని బట్టి వంటవాడు కారం తగ్గించడా, ఇదీ అంతే అనుకున్నాను.

వలదారంతో రాకెట్టు

గుడివాడ నుంచి ఒకాయన వారానికి రెండుసార్లు అంబాసిడర్ కారులో వచ్చేవారు. పేరు కోటేశ్వరరావు గారు. అక్కడ రైస్‌మిల్లు ఉంది ఆయనకి. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, కొంచెం పొట్ట, చేతులు మాత్రం ఉక్కు. డాక్టరు షుగరుందని భయపెడితే ఈ ఆటలోకి దిగారు. దిగాక డాక్టర్నీ షుగర్నీ కూడా మర్చిపోయారు.

ఆయనతో నా పరిచయం ఒక వెధవ పనితో మొదలైంది. రాకెట్టు నరాలు మద్రాసు నుంచి రావాలి, వచ్చేసరికి నెల పట్టేది. మా ఊరి పక్క గిలకలదిండి రేవుకి వచ్చిపోయే పోలయ్య అని నాకు ఒక స్నేహితుడున్నాడు. దివిసీమలో నాగాయలంక అవతల సముద్రపొడ్డు పల్లె వాళ్ళది, వలలు అల్లేవాడు. ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. వాడి దగ్గర నైలాను వలదారం చూసి, రాకెట్టుకి ఇదెందుకు పనికిరాదూ అనిపించింది. తెచ్చి కోటేశ్వరరావు గారి రాకెట్టుకి బిగించాను. బిగుతు ఎంతుండాలో తెలియక, వలలాగా లాగి లాగి బిగించాను. తెల్లారేసరికి చెక్క ఫ్రేము మెలితిరిగి అప్పడంలా వంకర్లు పోయింది. విలాయతీ రాకెట్టు అది!

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏమోయ్, ఇదేం దారం?" అన్నారు. చెప్పాను. "ఎంత లాగావు?" చెప్పాను. "అయితే సగం లాగితే సరిపోద్దేమో, ఇంకోదానికి కట్టి చూడు," అని రెండో రాకెట్టు ఇచ్చేశారు. తిట్టలేదు. ఆయనకి ఏ వస్తువైనా ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడమే సరదా. రెండోది బ్రహ్మాండంగా కుదిరింది. ఆ తర్వాత క్లబ్బు రాకెట్లన్నీ పోలయ్య దారంతోనే.

కప్పులేని కోర్టు

డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చింది. దాని గురించి పెద్దగా రాయలేను. పోలయ్య ఆరోజు దారం కోసం బందరు వచ్చి ఉండబట్టి బతికాడు. వాళ్ళమ్మ దొరకలేదు. కోటేశ్వరరావు గారు మిల్లులోని బియ్యం లారీలకెత్తించి అవనిగడ్డ పంపిస్తుంటే, నేనూ పోలయ్యా ఎక్కాం. రోడ్డు ఉన్నంతవరకు లారీ, తర్వాత నెత్తిమీద మూట. ఆయన కూడా పంచె పైకి కట్టి మాతో సమానంగా మూటలు మోశారు. ఆ మనిషంటే నాకు అభిమానం ఏర్పడింది అక్కడే, కోర్టులో కాదు.

గాలికి క్లబ్బు కోర్టు కప్పు ఎగిరిపోయింది. గోడలు నిలిచాయి. చాలా నెలల దాకా మెంబర్లెవరూ రాలేదు. పోలయ్య నా దగ్గరే ఉండి, ఆ కోర్టు నేలమీద కొత్త వల పరుచుకుని అల్లుకునేవాడు. అంత జాగా వాడికి ఇంకెక్కడా దొరకలేదు. వాడు వెనక సగంలో వల అల్లుతుంటే నేను ముందు సగంలో నిలబడి పొద్దున్నే గోడకి బంతి కొట్టేవాణ్ణి. ఎదురుగా ఎవరూ లేరు కదా, ఎవరి బూటూ చూడనక్కర్లేదు. చేతిలో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.

ఉప్పుగాలికి గోడ సున్నం ఒక్కోచోట ఒక్కోలా పాడైంది. బంతి తగిలిన చప్పుడుని బట్టి ఎక్కడ గుల్లగా ఉందో, ఎక్కడ గట్టిగా ఉందో తెలిసేది. గుల్ల దగ్గర కొడితే బంతి చచ్చినట్టు కింద పడేది. ఎడమ చేతి వైపు, రేకుకి రెండు జానల పైన అలాంటి చోటు ఒకటి కనిపెట్టాను. పదిసార్లు కొడితే తొమ్మిదిసార్లు అక్కడే తగిలేట్టు సాధన చేశాను. ఎందుకు చేశానంటే ఏం చెప్పను, ఊరికే, చెయ్యగలనా లేదా అని.

ఒకరోజు పోలయ్య వల పక్కన పెట్టి, "బావా, నువ్వింత గట్టిగా కొడతావని నాకు తెలీదు. ఆ బాబులతో ఆడేటప్పుడు ఈ బలమంతా ఏమైపోద్ది?" అన్నాడు.

"వాళ్ళతో ఇలా ఆడకూడదు."

"ఆడితే ఏమవుద్ది?"

"ఏమో. ఎప్పుడూ ఆడలేదు."

"మరి నువ్వు పెద్ద ఆటగాడివో కాదో నీకెలా తెలుసు?"

నిజమే, నాకెలా తెలుసు? ఆరేళ్ళుగా రోజూ ఆడుతున్నాను. ఒక్కరోజు కూడా గెలవడానికి ఆడలేదు. ఆ ప్రశ్న నా బుర్రలో దూరింది. అన్నం తింటున్నా అదే, బజారుకెళ్ళినా అదే. నేను ఆటగాణ్ణా, లేక ఆటగాడిలా కనిపించే పనివాణ్ణా?

నేను చెప్పిన అబద్ధం

కప్పు మళ్ళీ వేశారు, గోడల జోలికి మాత్రం పోలేదు. మెంబర్లు వచ్చారు. నేను యథాప్రకారం ఓడిపోవడం మొదలుపెట్టాను.

కోటేశ్వరరావు గారు ఆ ఏడాది బాగా మెరుగయ్యారు. మెరుగైన కొద్దీ నేను మరింత ముచ్చటగా ఓడిపోయేవాణ్ణి. ఒకసారి ఆట అయ్యాక తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నా మొహంలోకి చూశారు. "మీరావలీ, ఒక్కమాట అడుగుతాను, దాచకుండా చెప్పు. నువ్వు నన్ను గెలిపిస్తున్నావా?"

"అబ్బే, ఎంతమాటండీ! మీ దెబ్బ అలాంటిదండీ. నేను అందుకోలేకపోతున్నాను."

ఇంత సాఫీగా అనేశాను. నలభై ఏళ్ళ ఉద్యోగంలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి, కానీ సిగ్గుపడేది దీనికి. సరదాకి ఓడిపోవడం వేరు. ఒక మనిషి నిజం కావాలని నోరు తెరిచి అడిగినప్పుడు అబద్ధం చెప్పడం వేరు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఈ తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఆ మాట నమ్మి ఆయన మద్రాసు వెళ్ళారు. అక్కడ ఒక క్లబ్బువాళ్ళు పెట్టిన పోటీలో పేరిచ్చారు. మొదటి ఆటలోనే కళ్ళజోడు పెట్టుకున్న ఒక ముసలి వకీలు చేతిలో మూడు గేములూ పోగొట్టుకున్నారు. మూడింటిలో కలిపి ఒక్క పాయింటు కూడా రాలేదు. ఆ ముసలాయన చివర్లో చెయ్యి కలుపుతూ, కొత్తగా నేర్చుకుంటున్నారా అని మర్యాదగా అడిగాడట.

తిరిగొచ్చి సరాసరి క్లబ్బుకే వచ్చారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాలుగేళ్ళు ఆడానోయ్ నీతో," అన్నారు. "అందులో నాదెంతో నీదెంతో నాకు తెలీదు. నేను ఆడగలనా లేదా అన్నదే తెలీదు. రేపు సాయంత్రం వస్తాను. నిజంగా ఆడు. మళ్ళీ నాటకమాడావంటే ఈ గడప తొక్కను, ఈ రాకెట్టూ ముట్టను."

ఆయన అడిగిందీ నన్ను నేను వేసుకుంటున్నదీ ఒకటే ప్రశ్న అని అప్పుడు అర్థమైంది.

క్లబ్బు సెక్రటరీ గారికి ఈ సంగతి తెలిసిపోయింది. ఆయన రిటైరైన ఆఫీసరు. మర్నాడు పొద్దున్నే నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. "చూడు మీరావలీ, ఇవాళ ఆయన్ని ఓడిస్తే రేపు మిగతావాళ్ళు ఏమనుకుంటారు? ఇన్నాళ్ళూ మమ్మల్నీ ఇలాగే గెలిపించాడా అనుకోరూ? పదిమంది ముందు వాళ్ళ మొహాలెక్కడ పెట్టుకుంటారు? అలాంటి మార్కరు మనకి పనికిరాడు. నీ ఇష్టం మరి," అన్నారు. నిజం చెప్పాలంటే ఆయన మాటలోనూ న్యాయముంది.

ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ బియ్యం చెరుగుతూ, "గెలిస్తే ఉద్యోగం పోద్దా? ఓడితే జీతమిస్తారా? ఇదేం ఉద్యోగమండీ!" అంది. నాలుగు గింజలు ఏరి పారేసి, మళ్ళీ తనే, "మీరు గెలవగలరా అసలు?" అంది.

"అదే తెలుసుకోవాలనుంది," అన్నాను.

ఆ సాయంత్రం

గ్యాలరీలో సెక్రటరీ గారు, ఇంకో అయిదారుగురు మెంబర్లు కూర్చున్నారు. మూడు గేముల్లో ఎవరికి రెండొస్తే వాళ్ళది గెలుపు అనుకున్నాం.

మొదటి గేములో నా బంతులు ఆయన కళ్ళకి కూడా అందలేదు. ఎనిమిది రెండు దాకా వచ్చింది. ఇంకొక్క పాయింటు చాలు. అక్కడే వచ్చింది చిక్కు. నేను కొట్టిన బంతి మెత్తగా వెళ్ళి, ఆయన కుడిచేతికి ఒక్క అడుగు దూరంలో పడింది. ఆయన పరిగెత్తి కొట్టారు. పాయింటు ఆయనకి. మళ్ళీ అదే. మళ్ళీ అదే. అల్లా సాక్షిగా నేను కావాలని చెయ్యలేదు. గెలుపు దగ్గరకొచ్చేసరికి చెయ్యి తనంతట తను మెత్తబడిపోతోంది. ఎనిమిది అయిదు. ఎనిమిది ఆరు.

ఆయన బంతిని చేత్తో ఆపేశారు. "మళ్ళీ ఇస్తున్నావు!" అని అరిచారు. మొహం ఎర్రబడింది. రాకెట్టు గోడకి ఆనించి, తలుపు దగ్గరికి వెళ్ళి వంగారు. స్క్వాష్ కోర్టు తలుపు చిన్నది, వంగే వెళ్ళాలి. ఆయన వీపు చూసేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఆగండి!" అన్నాను. మెంబరుతో అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. "నేను ఇవ్వట్లేదండీ. నా చెయ్యి ఇస్తోంది."

ఆయన వెనక్కి తిరిగారు. "చెయ్యి ఇవ్వడమేంటయ్యా?"

అంతా చెప్పేశాను. గఫూర్ చాచా నేర్పింది, బూటు ముక్కు సంగతి, గొణగాల్సిన పాయింట్లు, అరవాల్సిన పాయింట్లు, అన్నీ. పైన మెంబర్లు వింటున్నారని తెలుసు. సెక్రటరీ గారు హెచ్చరికగా దగ్గారు. నేను ఆపలేదు. అలవాటు ఎంత ముదిరిందంటే, చివరి పాయింటు అనగానే నా కళ్ళు మీ బూటు మీదికే వెళ్తున్నాయండీ అన్నాను.

నేను అనుకున్నది, ఆయన మరింత మండిపడతారని. ఆయన మాత్రం వంకర రాకెట్టుని చూసినట్టే నన్నూ చూశారు, అదే ఆసక్తితో. తలుపు దగ్గర్నుంచి మెల్లిగా వెనక్కి వచ్చారు.

"అంటే నా కాళ్ళు కనపడితేనే అలా అవుతోందా?"

"అంతేననుకుంటానండీ."

"అయితే నా కాళ్ళెందుకు చూస్తావు? గోడ చూడు. గోడ మీద నీకు తెలిసిన చోటేదన్నా ఉందా?"

గోడలో ఆ గుల్ల చోటు గుర్తొచ్చింది. ఉందన్నాను.

"దాన్నే చూస్తూ కొట్టు. నేను ఈ గదిలో లేననుకో."

మొదటి గేమ్ లెక్కలోంచి తీసేశాం. ఇక ఒక్క గేమ్, అదే తేల్చేది అన్నారాయన.

ఆ ఒక్క గేమూ నేను ఆడాను. ఎలా ఆడానో చెప్పడం నాకు చేతకాదు. ఆయన మొండిగా ప్రతి బంతికీ పరిగెత్తారు, రెండుసార్లు గోడకి గుద్దుకున్నారు, ఊపిరి ఈలలా వస్తోంది. ఒక బంతి నా తల మీదుగా వెనక మూలకి కొట్టారు, నేను అందుకోలేకపోయాను. నిజంగానే అందుకోలేకపోయాను! అలాంటిది నాకు ఆ కోర్టులో అదే మొదటిసారి. భలే కొట్టారండీ అని అరిచేశాను. నా పాయింట్లు కూడా గట్టిగానే అరిచాను. మొదట్లో గొంతు రాలేదు, తర్వాత అలవాటైంది.

ఎనిమిది అయిదు దగ్గర మళ్ళీ కళ్ళు కిందికి జారాయి. ఒక్క బంతి మెత్తగా వెళ్ళింది. ఎనిమిది ఆరు. నన్ను నేను తిట్టుకుని, తలెత్తి గోడలో ఆ చోటు మీద చూపు పెట్టాను. తర్వాతి బంతి అక్కడ తగిలి, చచ్చినట్టు కింద పడింది.

తొమ్మిది ఆరు. నేను గెలిచాను. ఇరవై ఏడేళ్ళ వయసులో, నిజంగా గెలవడం అదే మొదటిసారి. గ్యాలరీలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కోటేశ్వరరావు గారు కోర్టు మధ్యలో చతికిలబడ్డారు. చొక్కా పిండితే నీళ్ళు కారేట్టుంది. కాసేపు రొప్పి, తలెత్తారు.

"మీరావలీ, ఆరొచ్చాయి కదా నాకు. ఆరూ నావేనా?"

అవునంటే అయిపోయేది. ఆయన కళ్ళు చూస్తే, అవునని చెప్పాలనే ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అయిదండీ," అన్నాను. "ఆరోది నా చెయ్యి ఇచ్చింది."

ఆయన వేళ్ళు ముడుస్తూ ఒక్కో పాయింటూ గుర్తు చేసుకున్నారు. మూలకి కొట్టింది ఒకటి. రేకు మీంచి వెంట్రుకవాసిలో పోయింది ఒకటి. అలా అయిదూ లెక్కపెట్టి, పెద్దగా నవ్వడం మొదలుపెట్టారు. "అయిదు నావోయ్! ఆ వకీలు దగ్గర సున్నా. నీ దగ్గర అయిదు!"

పైనుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. సెక్రటరీ గారు మెట్లు దిగి వెళ్ళిపోతున్నారు. నా ఉద్యోగం ఆయనతోపాటే వెళ్ళిపోతోందని నాకు తెలుసు. మిగతా మెంబర్లూ ఒక్కొక్కరే లేచారు. భయం వేసింది, ఎందుకు వేయదు? అయినా కాళ్ళు కోర్టులోంచి కదల్లేదు.

కోటేశ్వరరావు గారు నా చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డారు. బంతి తీసి నాకు విసిరారు.

"ఇంకో గేమ్ ఆడదాం. ఈసారి ఒక్కటి కూడా ఇవ్వకు."

ఆడాం. ఇవ్వలేదు. ఆయనకి మూడే వచ్చాయి. మూడూ ఆయనవే.